గీత దాటని బొమ్మలు

"మాది చిలుకూరండీ" అనగానే అవతలివాళ్ళ కళ్ళు మెరుస్తాయి. "అబ్బ, ఎంత అదృష్టవంతులండీ! మా వాడికి వీసా రాగానే వెళ్ళి 108 ప్రదక్షిణలు చేసొచ్చాం" అంటారు. అది హైదరాబాదు పక్కనున్న బాలాజీగారి చిలుకూరమ్మా, మాది కోదాడ దగ్గర చిలుకూరు, సూర్యాపేట జిల్లా అని చెప్పేసరికి ఆ మెరుపు కాస్తా ఆరిపోతుంది. "ఓహో, అక్కడేముంటుందీ?" అని అడుగుతారు. నిజం చెప్పొద్దూ, మిర్యాలగూడ నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో నేనూ అదే అడిగాను. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురం తర్వాత ఇప్పుడా ప్రశ్న వింటే ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో చెప్పడానికే ఈ గోలంతా.

మొన్న వేసవి సెలవులకు మా అమ్మాయి తన కూతుర్ని మా దగ్గర దింపి వెళ్ళింది. పిల్లకు ఐదేళ్ళు నిండాయి. బట్టల సంచి ఒకటీ, దానికి రెండింతలున్న ఇంకో సంచీ. రెండో దాంట్లో ఏముందయ్యా అంటే, రంగులు వేసుకునే పుస్తకాలు నాలుగు, బ్యాటరీతో పాడే చిన్న కీబోర్డు, చరిత్ర ఫ్లాష్ కార్డుల డబ్బా. ఒక కాగితం మీద టైము టేబులు రాసి మా ఫ్రిజ్ తలుపుకు అంటించి మరీ వెళ్ళింది మా తల్లి. పొద్దున అరగంట ఆర్టు, తర్వాత అరగంట మ్యూజిక్కు, సాయంత్రం అరగంట హిస్టరీ. "చిన్నప్పటి నుంచే అన్నీ అలవాటు చెయ్యాలమ్మా, లేకపోతే వెనకబడిపోతారు" అంది. ఐదేళ్ళ పిల్ల ఎవరికన్నా వెనకబడుతుందో నేనడగలేదు. కూతుళ్ళను అలాంటివి అడిగితే అల్లుడి ముందు మన పరువు పోతుంది.

మర్నాడు టైము టేబులు ప్రకారమే కూర్చున్నాం. పిల్ల చిలకకు పచ్చరంగు వేసింది. ఎంత బాగా వేసిందనుకున్నారు! ఒక్క చోట కూడా గీత దాటలేదు. మురిసిపోయాను. రెండో రోజు పుస్తకం పక్కన పెట్టి, తెల్లకాగితం చేతికిచ్చి, "ఏదైనా బొమ్మ వెయ్యవే బుజ్జీ" అన్నాను. పిల్ల కాగితం అటు తిప్పింది, ఇటు తిప్పింది, వెనక్కి తిప్పి చూసింది. "ఇందులో బొమ్మ లేదు కదా అమ్మమ్మా, దేంట్లో రంగు వెయ్యాలి?" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆ రాత్రి మాత్రం నిద్ర రాలేదు.

అక్కయ్యలూ, చెల్లెళ్ళూ! నేనిప్పుడు పోట్లాటకు వచ్చాను. ఎవరితోనో కాదు, మీతోనే, ముందుగా నాతోనే. పసిపిల్లలకు కళలు నేర్పాలి, సంగీతం నేర్పాలి, చరిత్ర తెలియాలి అని మనమంతా ఒకటే ఆరాటపడుతున్నాం. బాగానే ఉంది. కానీ ఈ మూడూ పిల్లల దగ్గర ముందే ఉంటాయి. బొగ్గుముక్క దొరికితే గీయని పిల్ల ఉందా? గరిటె దొరికితే గిన్నె మీద దరువెయ్యని పిల్లాడున్నాడా? "నీ చిన్నప్పుడు ఏమైంది, చెప్పు" అని ప్రాణం తియ్యని బిడ్డ ఉందా? ఆ మూడింటినీ "వద్దు, పాడవుతుంది", "ఆ గోలాపు", "పెద్దయ్యాక తెలుస్తుందిలే" అని మూడు మాటలతో మనమే లాక్కుంటాం. తర్వాత ఫీజులు కట్టి అవే కొనితెచ్చి వాళ్ళ నెత్తిన పెడతాం.

కాదంటారా? నా కథ వినండి.

మా అమ్మాయికి కూడా అప్పుడు ఐదేళ్ళే. దసరాకు ముందు సున్నం వేయించాం. ఆ వారంలోనే పొయ్యిలో చల్లారిన బొగ్గు తీసి, ముందు గది గోడ మీద తన ఎత్తంత బతుకమ్మను గీసింది. వరసలు వరసలుగా పూలు, పైన గౌరమ్మ, చుట్టూ చేతులు చాచిన ఆడవాళ్ళు. అందరికీ జడలున్నాయి గానీ ఒక్కరికీ ముక్కు లేదు. అంత గుర్తుంది నాకు. చూసిన మరుక్షణం వీపు మీద రెండేశాను. మా అత్తమ్మ పరిగెత్తుకొచ్చి పిల్లను వెనక్కు లాక్కుంది. "గోడదేముందే, మళ్ళ సున్నమేస్తే పోతది. పిల్లనెందుకు కొడ్తవ్?" అంది. చుట్టాలొచ్చే వేళకు గోడ అట్లా ఉంటే ఎలా అని నా ఏడుపు నాది. సున్నం వేయించాం. బొమ్మ పోయింది. మళ్ళీ మా అమ్మాయి గోడ మీద గీయలేదు. ఆ తర్వాత రెండేళ్ళకు కోదాడలో డ్రాయింగు క్లాసని ఎవరో చెబితే, బస్సు చార్జీలు పెట్టుకుని ఆదివారాలు తిప్పాను. అక్కడ కొబ్బరిచెట్టు, రెండు కొండలు, మధ్యన సూర్యుడు నేర్పారు. మా అమ్మాయి ఈ రోజుకీ వేసేది ఆ కొండలే. చిలుకూరు చుట్టుపక్కల అలాంటి కొండల జంట ఎక్కడా లేదు.

సంగీతం సంగతి ఇంతకంటే ఘోరం. వారానికి రెండు రోజులు ఒక మాస్టారి దగ్గరకు పంపాం. ఆయన మంచివారే, పద్ధతిగానే చెప్పారు. తప్పు ఆయనది కాదు, మాది. మూడో నెల నుంచే ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ ముందూ "ఏదీ, ఓ పాట పాడమ్మా" అని నిలబెట్టాం. పిల్ల గొంతు పెగిలేది కాదు. చివరికి గేటు చప్పుడైతే చాలు, గాదె వెనక్కి పోయి దాక్కునేది. ఎనిమిది నెలలకు సంగీతం సమాప్తం.

ఇదంతా జరుగుతున్నప్పుడు మా ఇంట్లోనే ఒక మనిషి పాడుతూ ఉండేది. మా అత్తమ్మ. ఇసుర్రాయి ముందు కూర్చుంటే పాట, వరి నాట్లకు పోతే పాట, పిల్లను జోకొడితే పాట, బతుకమ్మ తొమ్మిది రోజులూ అయితే చెప్పనక్కర్లేదు, వాడకట్టంతా ఆవిడ అందుకుంటేనే మిగతావాళ్ళు పలికేవాళ్ళు. పిల్లలు ఆవిడ పక్కన అడుగులేస్తూ, వంగి లేస్తూ, చప్పట్లు తప్పితే నవ్వుకుంటూ తిరిగేవాళ్ళు. తాళమంటే ఏమిటో ఎవరూ చెప్పకుండానే ఒంటికి పట్టేది. దాన్ని మేమెవరం సంగీతమనలేదు. మా ఆయన ఆఫీసు వాళ్ళు భోజనానికి వచ్చిన రోజున అత్తమ్మ దొడ్లో పాడుతుంటే, నేనే వెళ్ళి, "అత్తమ్మా, కాస్త మెల్లగా" అని చెప్పొచ్చాను. ఆవిడ ఆపేసింది. మెల్లగా పాడడం ఆవిడకు చేతకాదు.

2019లో అత్తమ్మ పోయింది. అప్పటికి నా చేతిలో స్మార్టు ఫోను ఉంది. అందులో మనవరాలి నామకరణం వీడియోలున్నాయి, వంటల వీడియోలున్నాయి, ఎవరో పంపిన శుభోదయాలు వేలున్నాయి. అత్తమ్మ పాట ఒక్కటీ లేదు.

ఇక చరిత్ర. మా మనవరాలికి తాజ్‌మహల్ ఎవరు కట్టించారో తెలుసు. చార్మినార్ తెలుసు. కార్డు చూపించగానే తుపాకి గుండులా చెబుతుంది. "మీ అమ్మమ్మ వాళ్ళ అత్తగారి పేరేమిటే?" అంటే తెలియదు. దాని తప్పేముంది? ఆ కార్డు డబ్బాలో లేదు మరి.

ఆ టైము టేబులు కాగితాన్ని నాలుగో రోజు నేనే పీకేశాను. హిస్టరీ అరగంటలో పిల్లను అటక కింద కూర్చోబెట్టి పాత ఇత్తడి సామాను దించాను. ఎటూ చింతపండు పెట్టి తోమాల్సిందే. ఒక బిందె మెడ మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలున్నాయి. పిల్ల ఈ మధ్యనే ఒత్తులు నేర్చింది. కూడబలుక్కుని చదివింది. అత్తమ్మ పేరు, ఆవిడకు ఆ బిందె పెట్టిన వాళ్ళమ్మ పేరు, ఊరు, 1953. "ఎందుకు రాశారు?" "పెళ్ళిలో పెట్టారు. ఎవరు ఎవరికి పెట్టారో మరచిపోకుండా." "ఆమె ఇప్పుడేదీ?" అదిగో, అక్కడ మొదలైంది. ఆ బిందెతో ఎక్కణ్ణుంచి నీళ్ళు మోసేదో చెప్పాను. సాగర్ నీళ్ళు కాలువల్లోకి వదిలింది 1967లో. అంతకుముందు ఈ పక్కంతా చెరువుల కింద తప్ప మెట్ట పైర్లే. అత్తమ్మ కాపురానికొచ్చిన నాడు రోజూ అన్నం ఉండేది కాదు, జొన్న గటకే. ఈ పచ్చటి వరి పొలాలు ఎప్పటి నుంచో ఇట్లాగే ఉన్నాయనుకుంటోంది మా మనవరాలు. "కాలువ రాకముందు ఏముండేది?" అని వాళ్ళ తాతయ్యను పట్టుకుంది. ఆయన పేపరు దించక తప్పలేదు. ఆ పూటకు అరగంట గంటన్నరైంది. గోడ గడియారం వంక ఎవరూ చూడలేదు.

తర్వాతి వారం పిల్లను తీసుకుని సూర్యాపేట దగ్గర పిల్లలమర్రి వెళ్ళాం. మీలో చాలామంది హైదరాబాదు–విజయవాడ రోడ్డు మీద వందసార్లు పోయి ఉంటారు. సూర్యాపేటలో బస్సాగితే టీ తాగి ఉంటారు. పిల్లలమర్రి చూశారా? నేను కూడా కాపురానికొచ్చిన ఇరవయ్యేళ్ళకు గానీ చూడలేదు, అదీ ఎవరి మొక్కో తీరుస్తుంటే వెంటపడి పోయాను. కాకతీయుల కాలపు గుళ్ళవి. రేచర్ల వంశం వాళ్ళు కట్టించారు. నల్లరాతి స్తంభాల్లో మన ముఖం కనిపిస్తుంది. నామేశ్వరాలయంలో దూలాల మీద ఆనాటి రంగుల చిత్రాల ఆనవాళ్ళు ఇంకా ఉన్నాయి. రంగుల పుస్తకం పిల్లకు అవి చూపించాను. గీతలు సగం చెరిగిపోయాయి. "గీత లేకపోయినా రంగుంది అమ్మమ్మా" అంది. నేనేమీ అనలేదు.

శాసనం రాయి దగ్గర మాత్రం అదే కేక పెట్టింది. "అమ్మమ్మా! బిందె మీద పేరు!"

ఆ పాత లిపి నాకూ చదవడం రాదు. అయినా రాయి మీద అక్షరాలు ఎందుకుంటాయో దానికి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. ఎవరో ఎవరికో ఏదో పెట్టారు, మరచిపోకుండా రాయించారు. అంతే కదా శాసనమంటే! అక్కడి ఎరకేశ్వరాలయాన్ని 1208లో కట్టించింది ఒక ఆడమనిషి అని చెప్పాను. ఆవిడ పేరు ఎరకసానమ్మ, రేచర్ల బేతిరెడ్డి భార్య. "ఎనిమిది వందల ఏళ్ళ కిందట" అంటే ఐదేళ్ళ పిల్లకేం తెలుస్తుంది? "జేజమ్మ బిందె కన్నా పాతదా?" అని అడిగింది. పాతదే. "అయితే చాలా పాతది" అని ఒప్పుకుంది. ఆటోలో తిరిగొస్తూ, "ఎరకసానమ్మకు కూడా బతుకమ్మ ఆడడం వచ్చా?" అంది. ఫ్లాష్ కార్డు వెనక అలాంటి ప్రశ్న రాసి ఉండదు.

"ఊళ్ళల్లో ఏముందండీ" అనే వాళ్ళకు ఇంకొక మాట. మా జిల్లాలోనే ఫణిగిరి ఉంది. కొండ మీద బౌద్ధుల ఆరామం. అక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్ళాయి. వీసా కోసం ప్రదక్షిణలు చేసి అమెరికా చేరిన మన పిల్లలు అక్కడ టిక్కెట్టు కొనుక్కుని చూశారు. 2024లో అదే ఫణిగిరిలో తవ్వుతుంటే ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. వాటి మీద ఒక పక్క ఏనుగు. కుండలో డబ్బులు దాచడం ఏ పిల్లకు అర్థం కాదు చెప్పండి! మా పక్కింటి వదిన పోపుల డబ్బాలో దాచే నోట్ల కథ చెప్పి, అక్కణ్ణుంచి ఇక్ష్వాకుల దాకా పోవచ్చు.

మా పక్కింటి వదినే నాతో వాదనకు దిగింది. "నీకేమమ్మా, రిటైరయ్యి కూర్చున్న మొగుడు, పని లేని నువ్వు. ఉద్యోగం చేసుకునే అమ్మాయి పొద్దున్నే ఎనిమిదింటికి బాక్సులు కట్టి పరిగెత్తాలి. అది బిందెలు దించుతూ కూర్చుంటుందా? అందుకే క్లాసులకు పంపుతుంది" అంది. ఇందులో నిజముంది. ఈ బరువు కూడా ఆడదాని నెత్తినే పెడతావా అంటే నాకూ కోపమే వస్తుంది. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్ళకోసారి వస్తుంది. ఆ భేరీల మోతలో పిల్లాణ్ణి భుజం మీద ఎక్కించుకుని నిలబడడానికి తండ్రికేం అడ్డం? పిల్లల మ్యూజిక్కుకు ఫీజు కట్టడం తండ్రి పనీ, కూర్చోబెట్టడం తల్లి పనీ అని ఎవరు పంచారు?

కానీ వదినతో నేనన్నది వేరు. ఉన్న పనికి ఇంకో పని చేర్చమనడం లేదు. చేసే పనిలోంచి మూడు "వద్దు"లు తీసేయమంటున్నాను. ముగ్గు ఎటూ వేస్తాం. పిల్ల చేతిలో చిటికెడు పిండి పోస్తే మన ముగ్గు చెడుతుంది, నిజమే. చెడనీండి. చుక్కలు లెక్కపెట్టడం, అటెంతో ఇటంత రావడం, గీత ఎక్కడ మొదలైందో అక్కడికే చేరడం, ఇవన్నీ అది మోకాళ్ళ మీద కూర్చుని నేర్చుకుంటుంది. చపాతీ పిండిలో ఒక ముద్ద దాని చేతికివ్వాలి. ఏనుగంటుంది, మనకు ఏనుగులా కనిపించదు. "తొండమేదీ?" అని దిద్దకుండా ఉండడమే కష్టం. నాకు ఇప్పటికీ నాలుక దురద పెడుతుంది.

క్లాసులు వద్దనడం లేదు నేను. పదేళ్ళకు పిల్లకు సంగీతం మీద నిజంగా మనసు పుడితే గురువు కావాలి, సాధన కావాలి, తిట్లు కూడా కావాలి. వంటింట్లో కూనిరాగాలతో ఎవరూ విద్వాంసులు కారు. నా పేచీ మూడేళ్ళకూ ఐదేళ్ళకూ కట్టే ఫీజులతో, ప్రైజు రాని బొమ్మను చెత్తబుట్టలో వేసే చేతులతో. కోదాడలో తెలిసినావిడ ఒకరు వాళ్ళబ్బాయి కప్పులు షోకేసులో పెట్టి చూపించారు. పదకొండున్నాయి. "బొమ్మలేవండీ?" అన్నాను. అవి పోటీ పెట్టిన వాళ్ళ దగ్గరే ఉండిపోయాయట.

మన తరానికి ఇంత డబ్బు పెట్టకుండానే కొంత దొరికింది. రేడియో అన్నయ్య, అక్కయ్య న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి గార్లు 1945లో "బాల" పత్రిక పెట్టి పిల్లల్ని పిల్లల్లాగే పలకరించారు. ఆ తర్వాత "చందమామ" వచ్చింది. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు కత్తిరించి అట్టలకంటించుకోని ఇల్లుందా? మాకు తెలిసిన ఆర్టు గ్యాలరీ అదొక్కటే. చందమామ ఆగిపోయి పదేళ్ళు దాటింది. దాని చోట్లోకి ఏం వచ్చిందో మీ చేతిలో ఫోను మీకే చెబుతుంది.

ఇంకొక సంగతి చెప్పకపోతే నా తప్పు సగమే ఒప్పుకున్నట్టవుతుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళ మాటల్ని వాళ్ళ నోటే చెప్పించి, స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో "మనకు తెలియని మన చరిత్ర" అని పుస్తకం వేశారు. నేను దాన్ని కొన్నేళ్ళ తర్వాత సంపాదించి చదివాను. మల్లు స్వరాజ్యం గారు మా సూర్యాపేట పక్కావిడే, 2022లో పోయారు. ఉయ్యాల పాటలు కట్టి ఊళ్ళను కదిలించిన మనిషి. మన బతుకమ్మ బాణీల్లోనే ఆ పోరాటం నడిచిందని చదివి, మధ్యాహ్నమంతా కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాను. అవతలి గదిలో అత్తమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. రజాకార్ల రోజుల్లో పన్నెండేళ్ళ పిల్ల ఆవిడ. జొన్న చేలో రెండు రాత్రులు దాక్కున్నామని ఒకసారి దేనికో అంది. ఆ రెండు రాత్రుల సంగతి నేనెప్పుడూ అడగలేదు. పుస్తకం మూసి, వెళ్ళి, "అత్తమ్మా, ఇవాళ చారు పెట్టనా?" అని మాత్రం అడిగాను.

జూన్‌లో మనవరాలు హైదరాబాదు వెళ్ళిపోయింది. పది రోజులు తిరక్కముందే మా అమ్మాయి ఫోను. "అమ్మా, దానికేం నేర్పావే? హాలు గోడ నిండా గీసి పెట్టింది. అద్దె ఇల్లమ్మా ఇది! ఓనరు చూస్తే అడ్వాన్సు తిరిగివ్వడు" అని కేకలు. పాత క్యాలెండర్లు తిరగేసి గోడకు కొట్టి, వాటి మీద గీయనిమ్మన్నాను. "కొట్టావా దాన్ని?" అని కూడా అడిగాను. అటునుంచి కాసేపు మాట రాలేదు. "చెయ్యెత్తాను. కొట్టలేదు" అంది. "ఏం గీసింది?" అంటే, "బిందె. దాని మీద అందరి పేర్లూ రాసింది. నీ పేరులో ఒత్తు తప్పు రాసింది" అంది.

పోయిన వారం రాత్రి మళ్ళీ తనే చేసింది. "అమ్మా, నాయనమ్మ ఇసుర్రాయి దగ్గర పాడేది చూడు, ఆ పాట మొదలు నాకు గుర్తొచ్చింది" అని మెల్లగా అందుకుంది. గాదె వెనక దాక్కున్న పిల్ల ముప్ఫై ఏళ్ళకు నా చెవిలో పాడుతోంది. నాకు మధ్యలో రెండు చరణాలు వచ్చు. కలిపి పాడాం. చివరిది ఇద్దరికీ రాలేదు. దక్షిణం వాడలో అత్తమ్మతో కలిసి నాట్లకు పోయిన ముసలమ్మ ఒకావిడ ఉంది. వినికిడి తగ్గింది గానీ గొంతు బాగానే ఉందట. రేపు పొద్దున ఫోనుకు నిండా ఛార్జింగు పెట్టుకుని వెళ్తున్నాను.